పరాయి దేశాన్ని సొంతిల్లుగా చేసుకున్న ఆన్ జడ్సన్

అబ్రాహాము అనగానే మనకు ఆయన బయలుదేరిన ఘడియ గుర్తుకొస్తుంది. దేవుడు పిలిచాడు, ఆయన లేచి నడిచాడు అని సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే బయలుదేరడం ఒక్కరోజు పని. చేరిన దేశంలో బతకడం జీవితకాలం పని. తెలియని మనుషుల మధ్య గుడారం వేసుకోవాలి. నీళ్ళకోసం బావులు తవ్వుకోవాలి. పొరుగువారితో పేచీలు వస్తే సర్దుకోవాలి. భార్య చనిపోతే పాతిపెట్టడానికి సొంత నేల లేక, హేతు కుమారుల ముందు వంగి, వెండి తూచి ఇచ్చి పొలం కొనుక్కోవాలి. ఆదికాండం ఈ సంగతులేవీ దాచలేదు.

మిషనరీల జీవితాలు చదివేటప్పుడు మాత్రం మనం ఈ రెండో భాగాన్ని తొందరగా దాటిపోతాం. ఓడ ఎక్కిన దృశ్యం చూసి కళ్ళు తుడుచుకుంటాం, ఆ తర్వాత ఎంతమంది బాప్తిస్మం పొందారని లెక్క చూస్తాం. మధ్యలో వారు ఏం తిన్నారు, భాష ఎలా నేర్చుకున్నారు, జ్వరం వస్తే ఎవరు చూశారు, పిల్లలను ఎక్కడ పాతిపెట్టారు అని అడగం. నిజానికి సేవ జరిగింది అక్కడే. రెండు వందల ఏళ్ళ క్రితం బర్మా దేశంలో 13 ఏళ్ళు కాపురం చేసి, ఆ మట్టిలోనే కలిసిపోయిన ఆన్ జడ్సన్ జీవితాన్ని ఈ వారం ఆ కోణంలో ధ్యానిద్దాం.

తండ్రికి వచ్చిన ఉత్తరం

ఆన్ హాసెల్టైన్ 1789 డిసెంబర్ 22న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో పుట్టింది. ఇంట్లో నాన్సీ అని ముద్దుగా పిలుచుకునేవారు. కలిగిన కుటుంబం. ఊరి యువతీయువకులు విందులకూ నాట్యాలకూ చేరే ఇల్లు వారిది. ఆ సందడిలో అందరికంటే చలాకీ పిల్ల ఆన్. 1806లో, 16 ఏళ్ళ వయసులో, ఊరి విద్యాలయంలో వచ్చిన ఉజ్జీవంలో ఆమె మనసు మారింది. తన పాపం ఎంతటిదో, ప్రభువు కృప ఎంతటిదో తెలుసుకుంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో పంతులమ్మగా పనిచేసింది.

1810 జూన్‌లో బ్రాడ్‌ఫర్డ్‌లో కాంగ్రిగేషనల్ సంఘాల పెద్దల సభ జరిగింది. తూర్పు దేశాలకు సువార్త తీసుకుపోతాం, మమ్మల్ని పంపండి అని కొందరు వేదాంత విద్యార్థులు ఆ సభలో మనవి చేసుకున్నారు. వారిలో ముఖ్యుడు అదోనిరామ్ జడ్సన్. హాసెల్టైన్ వారింటికి భోజనానికి వచ్చినప్పుడు ఆయన ఆన్‌ను చూశాడు. కొద్దిరోజులకే పెళ్ళి ప్రస్తావన వచ్చింది.

ఆ సందర్భంగా జడ్సన్ ఆమె తండ్రికి రాసిన ఉత్తరం మిషనరీ చరిత్రలో ప్రసిద్ధమైనది. మామూలుగా అల్లుడు కాబోయేవాడు తన ఉద్యోగం గురించి, ఆస్తిపాస్తుల గురించి చెప్పుకుంటాడు. జడ్సన్ అలా రాయలేదు. మీ అమ్మాయిని ఈ లోకంలో మళ్ళీ చూడకపోవచ్చు, సముద్ర ప్రమాదాలు, దక్షిణ దేశాల ఎండలు, లేమి, అవమానం, బహుశా క్రూరమైన మరణం కూడా ఆమెకు ఎదురుకావచ్చు, దీనికి మీరు సమ్మతిస్తారా అని సూటిగా అడిగాడు. ఏ తండ్రికైనా గుండె ఆగిపోయే ప్రశ్న అది. జాన్ హాసెల్టైన్ కూతురినే నిర్ణయించుకోమన్నాడు. అమెరికా నుంచి అంతవరకు ఏ స్త్రీ ఇలాంటి పనిమీద సముద్రం దాటలేదు. ఆడపిల్లకు ఇది పిచ్చి సాహసమని ఊళ్ళో చాలామంది అన్నారు. ఆన్ చాలాకాలం ప్రార్థించి, భయపడి, చివరికి ఒప్పుకుంది.

1812 ఫిబ్రవరి 5న పెళ్ళి. ఆ మరునాడు భర్తకు అభిషేకం. ఫిబ్రవరి 19న సేలం రేవు నుంచి కారవాన్ అనే ఓడలో ప్రయాణం. తోడుగా శామ్యూల్ నెవెల్, ఆయన భార్య హారియెట్ ఉన్నారు. ఆన్ వయసు అప్పటికి 22. హారియెట్‌కు ఇంకా 19 నిండలేదు.

నిలవనీయని రేవులు

నాలుగు నెలల సముద్ర ప్రయాణం తర్వాత 1812 జూన్‌లో వారు కలకత్తా చేరారు. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ బృందం ఆదరంగా చేర్చుకుంది. కానీ ఈస్టిండియా కంపెనీ మాత్రం దేశం విడిచి పొమ్మని ఆజ్ఞాపించింది. కంపెనీకి మిషనరీలంటేనే గిట్టదు. పైగా ఆ ఏడే ఇంగ్లండుకూ అమెరికాకూ యుద్ధం మొదలైంది.

ఆ రోజుల్లోనే జడ్సన్ దంపతులు లేఖనాలు పరిశోధించి బాప్తిస్మం విషయంలో తమ అభిప్రాయం మార్చుకున్నారు. మొదట ఆన్ ఒప్పుకోలేదు, భర్తతో వాదించింది. తర్వాత తానే చదివి నమ్మింది. సెప్టెంబర్‌లో కలకత్తాలో ఇద్దరూ ముంచుడు బాప్తిస్మం తీసుకున్నారు. ఈ విషయంలో మన సంఘాల మధ్య ఈనాటికీ వేర్వేరు అభిప్రాయాలున్నాయి. దాన్ని అలా ఉంచుదాం. మనం గమనించవలసింది వారు చెల్లించిన మూల్యం. తమను పంపిన కాంగ్రిగేషనల్ బోర్డుకు రాజీనామా చేశారు. అంటే పరాయి దేశంలో, జీతం లేకుండా, పంపినవారు లేకుండా మిగిలారు. స్నేహితుడు లూథర్ రైస్ అమెరికాకు తిరిగి వెళ్ళి బాప్టిస్టు సంఘాలను కదిలిస్తే, వీరి పోషణ కోసం 1814లో ఫిలడెల్ఫియాలో బాప్టిస్టుల మిషనరీ సమాజం పుట్టింది. తర్వాతి కాలంలో తెలుగువారి మధ్యకు శామ్యూల్ డేను పంపింది ఆ సమాజమే. 1840లో నెల్లూరులో మొదలై ఒంగోలు ప్రాంతమంతా విస్తరించిన సేవకు వేరు అక్కడుంది. ఆన్ కథ మనకు అంత దూరపు కథేమీ కాదు.

కంపెనీ తరమడంతో వారు ఐల్ ఆఫ్ ఫ్రాన్స్, అంటే నేటి మారిషస్ దీవికి వెళ్ళారు. 1813 జనవరిలో అక్కడ దిగగానే, ముందుగా వెళ్ళిన హారియెట్ నెవెల్ నవంబర్‌లోనే చనిపోయిందని తెలిసింది. ప్రయాణంలో పుట్టిన బిడ్డా దక్కలేదు. చిన్ననాటి స్నేహితురాలు సేవ మొదలుపెట్టకుండానే సమాధి అయింది. అక్కడి నుంచి 1813 జూన్‌లో మద్రాసు చేరారు. అక్కడా ఉండనిచ్చేలా లేరు. కంపెనీ ఓడెక్కించి ఇంగ్లండు పంపేలోగా రేవు విడిచి వెళ్ళే ఓడ ఒక్కటే దొరికింది. అది రంగూన్ వెళ్ళే పాత ఓడ. బర్మా వెళ్ళొద్దని అందరూ హెచ్చరించిన దేశం. వేరే తలుపులన్నీ మూసుకుపోయాక తెరుచుకున్నది అదొక్కటే.

ఆ ఓడలోనే ఆన్‌కు మొదటి కాన్పు అయింది. తోడుగా తీసుకెళ్ళిన దాది ఓడ కదలగానే హఠాత్తుగా చనిపోయింది. వైద్యుడు లేడు. బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది. 1813 జూలై 13న రంగూన్ రేవు కనిపించేటప్పటికి ఆన్ లేచి నిలబడలేని స్థితిలో ఉంది. కుర్చీకి వెదురుకర్రలు కట్టి, బర్మా కూలీలు భుజాన మోసుకుని ఊళ్ళోకి తీసుకుపోయారు. దారిలో నీడకు దించితే, అక్కడి ఆడవాళ్ళు చుట్టూ మూగి, తల టోపీ కింద దాగిన ఆమె ముఖాన్ని వంగి చూశారు. ఆన్ వారిని చూసి నవ్వింది. వారూ నవ్వారు. ఆ దేశంలో ఆమె పలికిన మొదటి మాట ఆ చిరునవ్వే అనుకోవచ్చు.

కూరలబజారులో నేర్చిన భాష

వారికి దొరికిన ఇల్లు కేరీ కుమారుడు ఫెలిక్స్ కేరీ ఉంటున్న మిషన్ గృహం. ఊరి కోటగోడకు బయట, నేరస్థులను చంపే చోటికి దగ్గరలో ఉంది. రొట్టె, వెన్న, బంగాళాదుంప దొరకవు. అన్నం, కోడికూర, దోసకాయ వేసి వండిన కోడికూర. మనకు అది విందు భోజనమే గానీ, బ్రాడ్‌ఫర్డ్ పిల్లకు మూడు పూటలా అదే తినడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ సెప్టెంబర్‌లో దంపతులిద్దరూ మొదటిసారి ప్రభువు బల్లలో పాలుపొందారు. ఆ దేశంలో వారి సంఘం సభ్యుల సంఖ్య రెండు.

బర్మా భాష నేర్చుకుందామంటే సరైన వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. గురువుకు ఇంగ్లీషు రాదు, శిష్యులకు బర్మీస్ రాదు. ఒక్కో వస్తువునూ వేలితో చూపి పేరు అడగాలి. తాటాకుల మీద గీసిన గుండ్రటి అక్షరాలు, మన తెలుగు అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉంటాయి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఆడమనిషికి కూడా చదువు చెప్పాలా అని గురువు మొదట విస్తుపోయాడు. తర్వాత ఆమె శ్రద్ధ చూసి మెత్తబడ్డాడు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. జడ్సన్ గొప్ప పండితుడు. రోజంతా బల్ల ముందు కూర్చుని గ్రంథాలు చదివేవాడు. ఆన్‌కు అంత తీరిక ఏది? పనివాళ్ళకు పని చెప్పాలి, బజారుకు పోవాలి, బేరమాడాలి, వచ్చినవారిని పలకరించాలి. చదువుకు ఇంటిపని అడ్డమొస్తోందని ఆమె బాధపడింది. చివరికి చూస్తే, వ్యాకరణం జడ్సన్‌కు వచ్చింది, మాట్లాడడం మాత్రం ఆన్‌కే ముందు వచ్చింది. ఆటంకం అనుకున్న ఇంటిపనే ఆమెకు బడి అయింది. వంటింటి పని వల్ల ప్రభువు సేవకు సమయం చాలడం లేదని నిట్టూర్చే తల్లులు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

ఆమె రంగూన్ అధిపతి భార్యను చూడ్డానికి వెళ్ళి పరిచయం చేసుకుంది. ఫెలిక్స్ కేరీ 1814లో రాజు కొలువులో చేరి ఆవా నగరానికి వెళ్ళిపోయాక, దంపతులు ఒంటరివారయ్యారు. 1815 సెప్టెంబర్‌లో కొడుకు పుట్టాడు. రోజర్ విలియమ్స్ అని పేరు పెట్టుకున్నారు. నీలికళ్ళ ఆ తెల్లపిల్లాడు ఇరుగుపొరుగు వారికి వింత, తల్లిదండ్రులకు ప్రాణం. ఎనిమిది నెలలకే, 1816 మే నెలలో, జ్వరంతో చనిపోయాడు. ఇంటి తోటలోనే పాతిపెట్టారు. వార్త తెలిసి అధిపతి భార్య పరివారంతో పరామర్శకు వచ్చింది. తనకు ముందే ఎందుకు కబురు చేయలేదని నొచ్చుకుంది. బర్మా వారికి ఓదార్పు తెచ్చామనుకున్న మిషనరీని ఆ రోజు ఒక బర్మా తల్లి ఓదార్చింది. కొత్త దేశంలో మనం ఇచ్చేది ఒక్కటే లెక్కకాదు, అక్కడివారి చేతినుంచి అందుకోవడమూ నేర్చుకోవాలి.

ఓడ దిగి వెనక్కి వచ్చిన స్త్రీ

1817 డిసెంబర్‌లో జడ్సన్ చిట్టగాంగ్ బయలుదేరాడు. అక్కడ బర్మా భాష తెలిసిన క్రైస్తవులు కొందరున్నారు, సహాయంగా తెచ్చుకుందామని ఆశ. రెండు మూడు నెలల్లో వస్తానన్నాడు. ఎదురుగాలులకు ఓడ దారి తప్పింది. ఆహారం అయిపోయి, దారిలో కనిపించిన పడవలవారి దగ్గర ముక్కిపోయిన నూకలు అడిగి తిన్నారు. జ్వరంతో నీరసించిన జడ్సన్ చివరికి 1818 మార్చిలో దిగింది ఎక్కడో తెలుసా? మన మచిలీపట్నంలో. తెలుగు తీరమే ఆయనకు ఒడ్డయింది. అక్కడి నుంచి పల్లకీలో దాదాపు 300 మైళ్ళు ప్రయాణించి మద్రాసు చేరి, రంగూన్ వెళ్ళే ఓడకోసం జూలై దాకా కాచుకున్నాడు.

ఇదేదీ రంగూన్‌లో ఉన్న ఆన్‌కు తెలియదు. ఆ ఓడ చిట్టగాంగ్ చేరనే లేదన్న కబురు మాత్రం తెలిసింది. ఇంతలో అధికారులు తోటి మిషనరీ, ముద్రాపకుడు జార్జి హఫ్‌ను పిలిపించి, దినమంతా కచ్చేరీలో కూర్చోబెట్టి, నిజం చెప్పకపోతే ప్రాణం పోతుందని బెదిరించారు. ఆయనకు భాష సరిగా రాదు. అప్పుడు ఆన్ అర్జీ రాయించుకుని తానే అధిపతి ఎదుటికి వెళ్ళింది. ఆయన ఆమెను గుర్తుపట్టి, మర్యాదగా పలకరించి, ఈ వేధింపు ఆపమని ఆజ్ఞాపించాడు. బజారులో నేర్చిన భాష, గుమ్మం గుమ్మం తిరిగి కట్టుకున్న పరిచయం ఆ రోజు ఆ ఇంటికి కోటగోడ అయ్యాయి.

కానీ కష్టాలు ఆగలేదు. ఊళ్ళో కలరా వ్యాపించింది. రాత్రింబవళ్ళు చావు డప్పులు మోగుతున్నాయి. ఇంగ్లీషువారితో యుద్ధం వస్తుందన్న పుకారుకు రేవులోని ఓడలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. చివరి ఓడ కూడా కదలబోతోంది. హఫ్ కుటుంబం ప్రయాణమైంది. ఆన్‌ను ఒంటరిగా వదల్లేమని బతిమాలారు. ఆమె మనసొప్పకుండానే జూలైలో ఓడ ఎక్కింది.

నది ముఖద్వారం దగ్గర ఓడలో లోపం బయటపడి కొన్నాళ్ళు ఆగిపోయింది. ఆ విరామంలో ఆన్ తన నిర్ణయం మళ్ళీ తూచుకుంది. భర్త బతికి ఉంటే తిరిగి వచ్చేది ఈ ఊరికే. చనిపోయి ఉంటే, తనకు అప్పగించిన పని మాత్రం ఇక్కడే ఉంది. సామాను దింపించుకుని, ఎవరెంత చెప్పినా వినకుండా, ఒంటరిగా మిషన్ గృహానికి తిరిగి వచ్చి, పుస్తకం తెరిచి చదువు కొనసాగించింది. వయసు 28. పక్కనే కొడుకు సమాధి. కొద్దివారాలకు, ఆగస్టులో, జడ్సన్ తిరిగి వచ్చాడు.

1812లో ఓడ ఎక్కడం గొప్ప నిర్ణయమే. మా దృష్టికి 1818లో ఓడ దిగడం అంతకంటే గొప్పది. మొదటిసారి ఆమెకు ఆ దేశం అంటే ఏమిటో తెలియదు. రెండోసారి అన్నీ తెలిసి ఎంచుకుంది. పిలుపు ఒక్కసారే వస్తుంది కావచ్చు, దానికి లోబడడం మాత్రం మళ్ళీ మళ్ళీ జరగాలి.

1819 ఏప్రిల్‌లో పగోడాకు వెళ్ళే దారి పక్కన జయాత్ కట్టారు. జయాత్ అంటే బాటసారులు ఆగే సత్రం లాంటి పందిరి. పాశ్చాత్య పద్ధతి చర్చి కట్టకుండా, ఆ ఊరివారికి తెలిసిన చోటనే కూర్చున్నారు. ముందువైపు జడ్సన్ మగవారితో మాట్లాడుతుంటే, ఆన్ స్త్రీలను కూర్చోబెట్టుకుని చెప్పేది. 1819 జూన్ 27న మౌంగ్ నౌ అనే సామాన్యుడు బాప్తిస్మం పొందాడు. రంగూన్‌లో దిగి ఆరేళ్ళకు వచ్చిన తొలిఫలం ఆయన. మరుసటి ఏడాది మా మెన్‌లే అనే స్త్రీ విశ్వసించింది. ఆన్ బర్మీస్ భాషలో ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకం రాసింది. రంగూన్‌లో ఉన్న సయాం వారి భాష కూడా నేర్చి, ఆ పుస్తకాన్ని, మత్తయి సువార్తను సయామీ భాషలోకి మార్చింది.

కాలేయ వ్యాధితో కృశించి 1821లో ఆమె దేశం విడవక తప్పలేదు. 1822 సెప్టెంబర్‌లో అమెరికా చేరింది. తల్లి, అక్కచెల్లెళ్ళు, పరిచయమైన చలిగాలి, మాతృభాష. ఆగిపోవడానికి కావలసినంత సాకు ఉంది. ఆమె మాత్రం మంచంలో ఉండే బర్మా మిషన్ చరిత్ర రాసి ప్రచురించి, 1823 వేసవిలో మళ్ళీ ఓడ ఎక్కింది. ఇది మూడోసారి.

చెరసాల గుమ్మం

1823 డిసెంబర్‌లో రంగూన్‌లో దిగి, ఆ వెంటనే దంపతులు పడవలో రాజధాని ఆవాకు వెళ్ళారు. కొద్ది నెలల్లోనే ఇంగ్లీషువారికీ బర్మాకూ యుద్ధం వచ్చింది. అమెరికా వేరు, ఇంగ్లండు వేరు అని ఎంత చెప్పినా ఆవా కొలువులో ఎవరూ నమ్మలేదు. జడ్సన్‌కు డబ్బు ఇంగ్లీషు వర్తకుల ద్వారా రావడంతో అనుమానం బలపడింది. 1824 జూన్ 8న భోజన వేళకు వచ్చి, నేలమీద పడదోసి, తాళ్ళతో కట్టి, మరణ చెరసాలకు ఈడ్చుకుపోయారు.

ఆ చెరసాలకు కిటికీ లేదు. ఖైదీలకు కాళ్ళకు మూడేసి జతల ఇనుప సంకెళ్ళు. రాత్రయితే అందరి కాళ్ళ మధ్యనుంచి వెదురుబొంగు దూర్చి పైకి లాగేవారు. భుజాలు మాత్రమే నేలకు ఆనేవి. ప్రభుత్వం అన్నం పెట్టదు. ఇంటివారు తెచ్చిపెడితే తినాలి, లేకపోతే చావాలి. తెల్లవారందరూ చెరలో ఉండగా, బయట మిగిలిన ఆన్ వారికి ఆధారం. అప్పటికి ఆమె గర్భవతి.

రోజూ అధికారుల ఇళ్ళ చుట్టూ తిరిగేది. కానుకలిచ్చేది, వాదించేది, ఏడ్చేది. నగర ఉత్తర ద్వారపు అధిపతి ముసలివాడు, ఆమెను చూసి కరిగిపోయాడు. ఖైదీలను రహస్యంగా చంపమని రాణి సోదరుడు మూడుసార్లు చెప్పినా, ఆమె ముఖం చూసి తాను ఆ పని చేయలేదని తర్వాత ఆయనే చెప్పాడు. స్థానికులకు దగ్గరగా ఉండేందుకు ఆన్ బర్మా స్త్రీల దుస్తులు కట్టుకుంది. ఒకసారి ఆమె భర్తకు ఊరి రుచి చూపించాలని, ఎనుబోతు మాంసం, అరటికాయలతో అమెరికా పద్ధతిలో పై వండి పంపింది. అది చూసి జడ్సన్ తినలేక, మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చాడు.

ఇంకో బాధ్యత ఉంది. కొత్త నిబంధన బర్మా అనువాదం చేతిరాత ప్రతి. మొదట దాన్ని ఇంటిదగ్గర భూమిలో పాతిపెట్టింది. వానలకు చెమ్మ పట్టి పాడవుతుందని భయపడి, తీసి, దూది చుట్టి, దిండులో పెట్టి కుట్టింది. ఎంత గట్టి దిండంటే కాపలాదారులెవరూ ఆశపడలేదు. జడ్సన్ ఆ దిండు మీదే తలపెట్టి పడుకున్నాడు. తర్వాత ఖైదీలను తరలించినప్పుడు అది చెత్తలోకి పోయింది. మౌంగ్ ఇంగ్ అనే విశ్వాసి, యజమాని జ్ఞాపకంగా ఉంచుకుందామని ఇంటికి తీసుకుపోయాడు. నెలల తర్వాత విప్పి చూస్తే లేఖనం చెక్కుచెదరకుండా ఉంది.

1825 జనవరి 26న కూతురు మరియా పుట్టింది. మే నెలలో ఖైదీలను మండుటెండలో, ఉత్తకాళ్ళతో, ఔంగ్‌పెన్‌లా అనే పల్లెకు నడిపించారు. అరికాళ్ళ చర్మం ఊడిపోయింది, ఒకతను మరుసటి రోజుకల్లా చనిపోయాడు. సంగతి తెలిసి ఆన్ మూడు నెలల బిడ్డతో, తాను పెంచుకుంటున్న ఇద్దరు బర్మా బాలికలతో, బెంగాలీ వంటమనిషితో వెతుక్కుంటూ వెళ్ళింది. జైలరు తన ధాన్యపు గదిలో చోటిచ్చాడు. అక్కడ ఆరు నెలలు ఉన్నారు. బాలికలకు మశూచి వచ్చింది, పసిబిడ్డకూ సోకింది, చివరికి ఆన్ మంచం పట్టి పాలు ఇంకిపోయాయి. అప్పుడు జడ్సన్ జైలరును బతిమాలుకుని, సంకెళ్ళతోనే బిడ్డను ఎత్తుకుని, పల్లెలోని బాలింతల ఇంటింటికీ వెళ్ళి కాసిన్ని పాలు అడిగేవాడు. పేరు తెలియని ఆ పల్లె తల్లులు శత్రుదేశపు వాడనుకున్న ఖైదీ బిడ్డకు తమ పాలిచ్చారు. కులం పట్టింపులున్న ఆ హిందూ వంటమనిషి జీతం లేకుండా, అలసట అనకుండా అందరికీ వండిపెట్టాడు. వీరి గురించి మనం ప్రసంగాల్లో చెప్పం. దేవుడు మాత్రం చన్నీళ్ళ గిన్నెను కూడా మరువడని మనం నమ్ముతాం.

దాదాపు 17 నెలలు సంకెళ్ళలో గడిపాక, 1825 చివరలో రాజుకు దుబాసీ అవసరమై జడ్సన్‌ను బయటికి తీశారు. 1826 ఫిబ్రవరి 24న యండబో సంధి కుదిరింది. ఇంగ్లీషు సేనాని క్యాంప్‌బెల్ ఇచ్చిన విందులో ఆన్‌ను గౌరవంగా పక్కన కూర్చోబెట్టాడు. ఎదుట ఉన్న బర్మా దూతల్లో ఒకరు ఆమెను గుర్తుపట్టి వణికిపోయాడు. భర్త చెరలో ఉండగా తన ఇంటికి అర్జీతో వచ్చిన ఆమెను ఎండలో నిలబెట్టి, గొడుగు లాగేసుకుని పంపింది ఆయనే. ఆన్ ఆయన భయం చూసి, నవ్వుతూ, మీకేమీ భయం లేదని బర్మా భాషలో ధైర్యం చెప్పింది. ఆ భాష నేర్చింది అలాంటి మాట చెప్పడానికే కదా.

ఆ దేశపు మట్టి

1826 జూలైలో వారు ఆమ్‌హర్స్ట్ అనే కొత్త ఊరికి చేరారు. జడ్సన్ సంధి పనిమీద మళ్ళీ ఆవాకు వెళ్ళవలసి వచ్చింది. కొత్త ఒప్పందంలో మతస్వేచ్ఛ చేర్చాలని ఆశపడ్డాడు, అది నెరవేరలేదు. ఆన్ ఒక్కతే వెదురు ఇల్లు కట్టించింది, బడులు మొదలుపెట్టింది. అక్టోబర్‌లో జ్వరం వచ్చింది. ఆవాలో చితికిపోయిన శరీరం తట్టుకోలేదు. చివరి రోజుల్లో ఆమె నోట బర్మా మాటలే వచ్చాయని చెబుతారు. 1826 అక్టోబర్ 24న, 36 ఏళ్ళ వయసులో, భర్త దగ్గర లేకుండా కన్నుమూసింది. ఆయనకు నల్ల ముద్ర వేసిన ఉత్తరం నెల తర్వాత అందింది. పోయింది పాప కాబోలు అనుకుని విప్పాడు. ఆరు నెలలకు, 1827 ఏప్రిల్‌లో, ఆ పాపా తల్లి పక్కకు చేరింది.

జడ్సన్ వెంటనే తేరుకోలేదు. తర్వాతి మూడేళ్ళు తీవ్రమైన కుంగుబాటులో గడిపాడు. అడవి అంచున గుడిసె వేసుకుని, తనకోసం గొయ్యి తవ్వుకుని, దాని పక్కన కూర్చుండేవాడు. ఈ సంగతి దాచడం మనకు మేలు కాదు. సేవకులకు దుఃఖం ఉండకూడదని మనం గీసిన గీత బైబిల్లో లేదు. ఆయన మెల్లగా లేచాడు. 1834 జనవరి 31న బర్మా బైబిలు అనువాదం ముగించాడు. మయన్మార్ ప్రొటెస్టంటు సంఘాలు రెండు శతాబ్దాలుగా చదువుకుంటూ వచ్చినది ఆ అనువాదాన్నే. ఆన్ దిండులో కుట్టిన ప్రతి దానికి పునాది.

ఆన్ సేవను లెక్కలతో కొలిస్తే చాలా చిన్నది. యుద్ధానికి ముందు రంగూన్ సంఘంలో బాప్తిస్మం పొందిన బర్మావారు 18 మంది. కన్న ముగ్గురు బిడ్డల్లో ఇద్దరిని తన చేతులతో సాగనంపింది, మూడో బిడ్డ ఆమె వెనకే వెళ్ళింది. ఇంత ఖర్చుకు ఇదేనా ఫలం అని అడిగేవారు ఆనాడూ ఉన్నారు. గోధుమ గింజ నేలలో పడటం గురించి ప్రభువు చెప్పిన మాట తప్ప మన దగ్గర వేరే జవాబు లేదు. అయితే ఆ గింజ ఒక్కరోజులో చావదు. మొదట ఆ నేల చెమ్మను తాగాలి, ఆ మట్టిని తనలోకి రానివ్వాలి. ఆన్ 13 ఏళ్ళు చేసిన పని అదే.

ఈ రోజు మన తెలుగు సంఘాల నుంచి కూడా ఎందరో బయలుదేరుతున్నారు. కొందరు సువార్త పనిమీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాలకు, ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్తున్నారు. చాలామంది ఉద్యోగాల కోసం గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్తున్నారు. మనం వేదిక మీద చేతులుంచి ప్రార్థించి పంపుతాం, దండ వేస్తాం, ఫొటో దిగుతాం. ఏడాది తిరిగాక వారి పేరు ప్రార్థన జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. వారికి అసలైన అవసరం అప్పుడే మొదలవుతుంది. భాష రాక బజారులో తడబడే మిషనరీ భార్యకు, బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే డాక్టరు ఎక్కడున్నాడో తెలియని తండ్రికి, మన ఉత్తరం, మన ఫోను, మన కానుక అందాలి.

వెళ్ళేవారు కూడా ఒకటి నేర్చుకోవచ్చు. వెళ్ళిన చోట మన ఊరి చిన్న ముక్కను కట్టుకుని దాని గోడల మధ్యే బతకడం తేలిక. మనవారితోనే మాట్లాడి, మన వంటే తిని, పక్కింటివారి పేరు తెలియకుండానే పదేళ్ళు గడిపేయవచ్చు. ఆన్ అలా బతకలేదు. అక్కడి అన్నం తిన్నది, అక్కడి మాట మాట్లాడింది, అక్కడి బట్ట కట్టింది, అక్కడి తల్లుల ఓదార్పు తీసుకుంది. అందుకే ఆమె చెప్పిన యేసు ఆ ఊరి స్త్రీలకు తెల్లవారి దేవుడిగా కనిపించలేదు. పరలోకాన్ని విడిచి వచ్చి మన మధ్య నివసించిన ప్రభువు కూడా అతిథిలా వచ్చి వెళ్ళలేదు. నజరేతులో 30 ఏళ్ళు మన భాష మాట్లాడి, మన రొట్టె తిని, మనలో ఒకడిగా బతికాడు. ఆయనను వెంబడించేవారు ఎక్కడికి వెళ్ళినా, అక్కడివారిలో ఒకరిగా ఉండే కృపను దేవుడు వారికి దయచేయును గాక. వారిని పంపిన మనకు మరచిపోని మనసునిచ్చును గాక. ఆమేన్.